పేగు కుట్టు మానాలి, పేగులు అతుక్కోకూడదు: అడ్హిషన్ బ్యారియర్లలో ఏది, ఎక్కడ, ఎవరికి?

పేగులో ఒక ముక్క తీసేసి రెండు కొసల్ని కలిపి కుట్టాక కడుపులో రెండు పనులు ఒకేసారి మొదలవుతాయి. కుట్టిన చోటు, అంటే అతుకు, మానడం ఒకటి, అది మనకు కావాలి. చేయి పడిన చోట, రాపిడి తగిలిన చోట పేగులు ఒకదానికొకటి, పొట్ట గోడకు అతుక్కుపోవడం (వీటినే అడ్హిషన్లు అంటారు) రెండోది, అది మనకు వద్దు. చిక్కేమిటంటే రెండింటికీ మొదలు ఒకటే. గాయం మీద ఊరే ఫైబ్రిన్ అనే జిగురు. అడ్హిషన్లను ఆపడానికి పెట్టిన పొర (బ్యారియర్), అతుకు మానడానికీ అడ్డం పడగలదు.

"అడ్హిషన్లు రాకుండా ఏదో పొర పెడతారట, మాకూ పెట్టమని అడగాలా?" అని ఆపరేషన్‌కు ముందు చాలా కుటుంబాలు టెన్షన్ పడుతుంటాయి. ఏ కంపెనీ పొర అన్నది నా లెక్కలో రెండో ప్రశ్న. ఎక్కడ పెడతారు, ఎక్కడ పెట్టరు అన్నదే మొదటిది. ఈ వ్యాసమంతా ఆ వరసలోనే నడుస్తుంది. మీ సర్జన్‌తో మాట్లాడటానికి ఇది పనికొస్తుంది, సర్జన్ నిర్ణయానికి బదులు కాదు.

ముందు తూకం వేయాల్సినవి

మొదటిది, అడ్హిషన్ల వల్ల మీకు నిజంగా ఎంత ప్రమాదం ఉందో చూడాలి. స్కాట్లాండ్‌లో 1986లో కడుపు కోసి ఆపరేషన్ చేయించుకున్న సుమారు 30 వేల మందిని పదేళ్లపాటు గమనించారు. అందులో దాదాపు 35 శాతం మంది సగటున రెండుసార్లు మళ్లీ ఆసుపత్రిలో చేరారని 1999లో తేలింది. భయపెట్టడానికి ఎక్కువగా వాడే అంకె ఇదే. కానీ అందులో "అడ్హిషన్లు కారణం కావచ్చు" అన్నవీ, అడ్హిషన్ల వల్ల కష్టం కాగల మరో ఆపరేషన్ కోసం చేరినవీ కలిసి ఉన్నాయి. ఆ చేరికల్లో నేరుగా అడ్హిషన్ల వల్లే జరిగినవి 5.7 శాతం. ప్రమాదం నిజమే, కానీ ప్రచారంలో వినిపించినంత పెద్దది కాదు.

రెండోది, మీ పేగు అతుకు ఎక్కడ ఉంది, ఎంత బలహీనం. దీన్ని కాస్త విడమరిచి చెప్పాలి, కింద చెబుతాను.

మూడోది, మళ్లీ కడుపు తెరవాల్సి వస్తుందని ముందే తెలుసా? తాత్కాలిక స్టోమా (పేగును పొట్ట మీదికి తెచ్చి మలానికి పెట్టే దారి) పెట్టి రెండు మూడు నెలల తర్వాత మూసేవాళ్ల లెక్క వేరు, ఒక్కసారి ఆపరేషన్‌తో సరిపోయేవాళ్ల లెక్క వేరు.

ఇక కడుపులో చీము, మలం చిందడం, ఆగని రక్తస్రావం ఉన్నాయా, ఆపరేషన్ కోసి చేస్తున్నారా, చిన్న కన్నాల్లోంచి కెమెరాతో చేసే ల్యాపరోస్కోపీలోనా అన్నవి. ఇవి చిన్న విషయాల్లా కనిపిస్తాయి కానీ సగం ఎంపికలను ఇవే కొట్టేస్తాయి.

మొదటి వారంలో అతుకు దగ్గర ఏం జరుగుతుంది

పేగు గోడలో నాలుగు పొరలు ఉంటాయి. కుట్టును నిజంగా పట్టి ఉంచేది లోపలి నుంచి రెండోది, సబ్‌మ్యూకోసా. ఈ సంగతిని సర్జన్ హాల్‌స్టెడ్ 1887లోనే చూపించాడు. అన్నిటికంటే బయట ఉండే నున్నటి పొర సెరోసా. రెండు కొసల సెరోసాలు ఒకదానికొకటి ఆనేలా కుట్టాలని సర్జన్ లాంబేర్ 1826లో చెప్పిన పద్ధతి నేటికీ చెల్లుతోంది. ఎందుకంటే సెరోసాలు తగిలిన చోట కొన్ని గంటల్లోనే ఫైబ్రిన్ ఊరి, నీరు కారకుండా సీల్ వేసేస్తుంది.

ఆపరేషన్ అయిన రోజు అతుకుకు ఉన్న బలం దాదాపు అంతా దారానిదో, స్టేపుల్ పిన్నులదో. తర్వాత రెండు మూడు రోజులు కొస అంచుల్లో కణజాలాన్ని పట్టి ఉంచే పాత ప్రోటీన్, కొలాజెన్‌ను శరీరమే ఎంజైములతో కరిగిస్తుంది. కొత్త కొలాజెన్ ఇంకా చేతికి రాలేదు. అందుకే మూడో రోజు నుంచి ఐదో రోజు మధ్య అతుకు అన్నిటికంటే బలహీనంగా ఉంటుంది. రోగి లేచి నడుస్తుంటాడు, ద్రవాహారం మొదలై ఉంటుంది, ఇంట్లోవాళ్లు గండం గడిచిందనుకుంటారు. లోపల అసలు పరీక్ష అప్పుడే నడుస్తుంటుంది. లీకులు ఎక్కువగా ఆ తర్వాతి రోజుల్లో, అంటే మొదటి వారం చివర్లో బయటపడటానికి కారణం ఇదే.

ఈ రోజుల్లో అతుకుకు ఒక సాయం అందుతుంది. కడుపులో ముందువైపు వేలాడే కొవ్వు పొర, ఒమెంటం, వచ్చి అతుకు మీద వాలి అంటుకుంటుంది. చుట్టుపక్కల పేగూ ఆనుకుంటుంది. సూదిమొన అంత కన్నం ఉంటే దాన్ని మూసేస్తాయి, కొత్త రక్తనాళాలనూ తెస్తాయి. సూటిగా చెప్పాలంటే ఇదీ అడ్హిషనే. మంచి అడ్హిషన్.

ఇంకోపక్క, కడుపు లోపలి పలుచటి పొర పెరిటోనియం గీసుకుపోతే, దాని మీద కొత్త కణాల పొర పరుచుకోవడానికి ఐదు నుంచి ఏడు రోజులు పడుతుంది. ఆలోపు ఫైబ్రిన్ కరిగిపోతే అడ్హిషన్ లేదు, కరగకపోతే అది గట్టి పట్టీగా మారుతుంది. కాబట్టి చాలా బ్యారియర్లు ఆ వారం రోజులు పేగుల్ని విడిగా ఉంచేలా తయారవుతాయి. అతుకుకు ఒమెంటం తోడు కావాల్సింది కూడా ఆ వారమే.

ఒమెంటాన్ని పనిగట్టుకుని అతుకు చుట్టూ కప్పితే లీకులు తగ్గుతాయా? 1998లో ఫ్రాన్స్‌లో సుమారు 700 మందితో చేసిన ట్రయల్‌లో తేడా కనిపించలేదు. కాబట్టి ఒమెంటాన్ని మంత్రంలా నమ్మనక్కర్లేదు. కానీ దానంతట అది వచ్చి వాలేదాన్ని రానివ్వకుండా చేయడం వేరే సంగతి, ఆ సంగతి కింద వస్తుంది.

ఎంపికలు ఒక చూపులో

| ఎంపిక | లోపల ఎంతకాలం | కొత్త పేగు అతుకు ఉంటే | ల్యాపరోస్కోపీలో |
|---|---|---|---|
| హయలురోనేట్, సెల్యులోజ్ ఫిల్మ్ (సెప్రాఫిల్మ్) | జెల్‌గా మారి సుమారు వారం | అతుకుకు చుట్టకూడదు, కోత కింద పెట్టవచ్చు | పెళుసు, కష్టం |
| ఆక్సిడైజ్డ్ సెల్యులోజ్ గుడ్డ (ఇంటర్‌సీడ్) | గంటల్లో జెల్, సుమారు నాలుగు వారాల్లో మాయం | ఇది ప్రధానంగా కటి (పొత్తికడుపు కింది భాగం) ప్రాంతానిది | మడిచి పంపవచ్చు |
| ఐకోడెక్స్‌ట్రిన్ ద్రవం (అడెప్ట్) | మూడు నాలుగు రోజులు | అమెరికా లేబుల్ ప్రకారం వద్దు | అన్నిటికంటే సులువు |
| స్ప్రే జెల్లులు | సుమారు వారం | ఆధారాలు తక్కువ | సులువు |
| ఏదీ పెట్టకుండా జాగ్రత్తగా చేయడం | లేదు | అతుకుకు అడ్డేమీ ఉండదు | ల్యాపరోస్కోపీయే ఇందులో భాగం |

ఫిల్మ్: ఆధారాలు ఎక్కువ, హెచ్చరికా ఎక్కువ

పేగు ఆపరేషన్ల విషయంలో బాగా పరీక్షించిన బ్యారియర్ ఇదే. అమెరికాలో 1996లో అనుమతి వచ్చింది. చూడటానికి ట్రేసింగ్ పేపర్‌లా ఉంటుంది. పొడిగా ఉన్నప్పుడు వంచితే విరుగుతుంది, తడి గ్లవ్ తగిలితే దానికే అంటుకుపోతుంది. అందుకే పెట్టే ముందు గ్లవ్‌లు పొడిగా ఉండాలి, అనుకున్న చోట ఒక్కసారే ఆనించాలి. పేగు మీద పడ్డాక సర్దడం కుదరదు.

అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగు పుండ్ల జబ్బు), వంశపారంపర్య పాలిపోసిస్ (పేగు నిండా చిన్న గడ్డలు) ఉన్నవాళ్లకు పెద్దపేగు తీసి, తాత్కాలికంగా స్టోమా పెట్టిన 183 మందితో చేసిన ట్రయల్ 1996లో వెలువడింది. స్టోమా మూసేటప్పుడు కోత కింద చూస్తే, ఫిల్మ్ పెట్టినవారిలో 51 శాతం మందికి అడ్హిషన్లు లేవు. పెట్టనివారిలో అలా ఉన్నది 6 శాతమే. తేడా చాలా పెద్దది. అయితే కంటికి కనబడే అడ్హిషన్ తగ్గడం ఒకటి, రోగికి బాధ తగ్గడం ఇంకొకటి.

పేగు ముక్క తీసిన 1,701 మందిని కొన్నేళ్లు గమనించిన ఫలితాలు 2006లో వచ్చాయి. పేగు అడ్డుపడటం ఫిల్మ్ పెట్టినవారిలోనూ పెట్టనివారిలోనూ 12 శాతమే. ఆపరేషన్ దాకా వెళ్లిన అడ్డంకులు మాత్రం 3.4 శాతం నుంచి 1.8 శాతానికి తగ్గాయి. అంటే సుమారు 60 మందికి పెడితే ఒకరికి మళ్లీ ఆపరేషన్ తప్పుతుంది. ఇది మీకు చిన్నదా పెద్దదా అన్నది మీ పరిస్థితిని బట్టి ఉంటుంది. నాకైతే, ముందు ముందు చాలా ఆపరేషన్లు ఉన్నవారికి పెద్దదే, డెబ్బై ఏళ్ల వయసులో ఒక్కసారి కణితి తీయించుకునేవారికి అంత కాదు అనిపిస్తుంది.

ఇక హెచ్చరిక. 1,791 మందితో భద్రత కోసం చేసిన అధ్యయనం 2003లో వచ్చింది. మొత్తం మీద చీముగడ్డల్లో, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. కానీ కొత్త అతుకు చుట్టూ ఫిల్మ్‌ను చుట్టినవారి గుంపును విడిగా చూస్తే లీకు, దాని వెంట వచ్చే ఫిస్టులా (పేగు నుంచి పక్కకు దారి పడటం), పెరిటొనైటిస్ (కడుపు లోపలి పొర వాపు), చీముగడ్డ, సెప్సిస్ (ఇన్ఫెక్షన్ శరీరమంతటినీ దెబ్బతీయడం) ఎక్కువగా కనిపించాయి. అతుకు మీద వాలాల్సిన ఒమెంటాన్ని, ఊరాల్సిన ఫైబ్రిన్‌ను పొర దూరం పెట్టిందన్నది దీనికి చెప్పే వివరణ. ఆ తర్వాత లేబుల్ మీదే రాశారు: కొత్త కుట్టు వరస లేదా స్టేపుల్ వరస చుట్టూ చుట్టవద్దని.

ఈ ఒక్క వాక్యం చదివి "అయితే పేగు ఆపరేషన్‌లో ఫిల్మ్ ప్రమాదం" అనుకోవడం పొరపాటు. అతుకుకు దూరంగా, పొట్ట మధ్య కోత కింద, స్టోమాకు తీసిన పేగు చుట్టూ పెడితే ఆ ప్రమాదం కనిపించలేదు. అందుకే ఎక్కడ అన్నది మొదటి ప్రశ్న అన్నాను. అండాశయ కేన్సర్ లాంటి వాటిలో కణితులన్నీ గీకి తీసే పెద్ద ఆపరేషన్లయితే మరో సంగతి, అక్కడ ఫిల్మ్‌తో కడుపులో నీరు, చీము చేరడం ఎక్కువైందన్న హెచ్చరిక ఉంది.

సెల్యులోజ్ గుడ్డ

ఇంటర్‌సీడ్‌కు అమెరికాలో 1989లోనే అనుమతి వచ్చింది. అది స్త్రీల కటి ప్రాంతపు ఆపరేషన్ల కోసం, పేగు అతుకుల కోసం కాదు. గర్భాశయం, అండాశయాల దగ్గర అడ్హిషన్లు తగ్గుతాయన్న ఆధారం గట్టిదే. దీని బలహీనత రక్తం. కాస్త రక్తం ఊరుతున్న చోట పరిస్తే గుడ్డ నల్లబడిపోతుంది, పని చేయదు. పేగు ముక్క తీసిన కటిలో, ముఖ్యంగా రెక్టమ్ (పెద్దపేగు చివరి భాగం) కింది భాగంలో ఆపరేషన్ చేశాక, పొడిగా ఉండే చోటు ఎక్కడ దొరుకుతుంది? నేనైతే దీన్ని పేగు అతుకు ఉన్నప్పుడు మొదటి వరసలో పెట్టను.

ద్రవం

అడెప్ట్ అన్నది 4 శాతం ఐకోడెక్స్‌ట్రిన్. ఆపరేషన్ చివర సుమారు ఒక లీటరు కడుపులో వదిలేస్తారు. మామూలు సెలైన్ ఒకటి రెండు రోజుల్లో ఇంకిపోతే, ఇది మూడు నాలుగు రోజులు ఉండి పేగుల్ని తేలేలా చేస్తుంది. వాడటం సులువు, ఏ మూలకైనా చేరుతుంది. చేరకూడని మూలకూ చేరుతుంది, అదే గొడవ. ఫిల్మ్‌ను అతుకుకు దూరంగా పెట్టవచ్చు, ద్రవాన్ని "అటు వెళ్లకు" అనలేం కదా. 2006లో అమెరికాలో అనుమతి ఇచ్చినప్పుడు స్త్రీల ల్యాపరోస్కోపీలో అడ్హిషన్లు విడదీసే ఆపరేషన్‌కే ఇచ్చారు. పేగు కోసినా, కుట్టినా, అపెండిక్స్ తీసినా, పొట్ట పెద్దగా కోసినా వాడవద్దని లేబుల్ చెబుతుంది.

షుగర్ ఉన్నవారు ఇంకోటి గుర్తుంచుకోవాలి. ఐకోడెక్స్‌ట్రిన్ శరీరంలో మాల్టోజ్‌గా మారుతుంది. కొన్ని రకాల గ్లూకోమీటర్లు మాల్టోజ్‌ను గ్లూకోజ్‌గా లెక్కపెట్టి షుగర్ ఎక్కువ చూపిస్తాయి. ఆ అంకె చూసి ఇన్సులిన్ ఇస్తే అసలు షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. ఈ ద్రవం వాడితే వార్డు నర్సుకు తప్పక చెప్పాలి, ల్యాబ్‌లోనే పరీక్ష చేయించాలి.

స్ప్రేలు, జెల్లులు

రెండు ద్రవాలు కలిసి క్షణాల్లో గడ్డకట్టే పాలీఇథిలీన్ గ్లైకాల్ స్ప్రేలు, హయలురోనిక్ యాసిడ్ జెల్లులు ఈ కోవలోవి. ల్యాపరోస్కోపీలో వీటికి ఫిల్మ్ సాటి రాదు. కానీ పరీక్షలు ఎక్కువగా గర్భాశయ ఆపరేషన్లలోనే జరిగాయి, కొత్త పేగు అతుకు పక్కన ఎలా ప్రవర్తిస్తాయో చెప్పడానికి ఆ ఆధారం చాలదు. ఇంటర్‌జెల్ అనే ఇనుము కలిపిన హయలురోనేట్ జెల్ ఒకప్పుడు ఆశలు రేపి, ఆపరేషన్ తర్వాత నొప్పి, వాపు లాంటి ఫిర్యాదులతో 2003లో మార్కెట్ నుంచి వెనక్కి వెళ్లిపోయింది. కొత్తది కాబట్టి మేలైనదనుకోవద్దు.

ఏదీ పెట్టకపోవడమూ ఒక ఎంపికే

ఇది చేతకానితనం కాదు. పేగుల్ని నెమ్మదిగా పట్టుకోవడం, ఆరిపోకుండా తడిగా ఉంచడం, రక్తం పూర్తిగా ఆపడం, పౌడర్ లేని గ్లవ్‌లు వాడటం, వీలైతే ల్యాపరోస్కోపీ. గ్లవ్‌ల పౌడర్ కడుపులో పడి గడ్డలు, అడ్హిషన్లు తెస్తుందని ఎప్పటి నుంచో తెలుసు, అమెరికాలో పౌడర్ గ్లవ్‌లను 2017 నుంచి నిషేధించారు. స్కాట్లాండ్ లెక్కలనే 2020లో కొత్తగా చూసినప్పుడు, నేరుగా అడ్హిషన్ల వల్ల మళ్లీ చేరడం ల్యాపరోస్కోపీ చేయించుకున్నవారిలో కోసి చేయించుకున్నవారి కంటే స్పష్టంగా తక్కువ. ఏ పొరా పెట్టకుండానే వచ్చే లాభం ఇది.

మీ పరిస్థితి ఏది?

పెద్దపేగు కుడివైపు కణితి, ల్యాపరోస్కోపీ, ఒకే అతుకు, స్టోమా లేదు అంటే బ్యారియర్ కోసం పట్టుబట్టనక్కర్లేదు. ఇక్కడ చిన్నపేగును పెద్దపేగుకు కలుపుతారు. చిన్నపేగుకు రక్తం బాగా అందుతుంది, త్వరగా మానుతుంది, ఇలాంటి అతుకులో లీకు తక్కువ. లాభం చిన్నది, పెట్టే చోటూ తక్కువే.

రెక్టమ్ కింది భాగంలో అతుకు, పైన తాత్కాలిక స్టోమా అంటే ఆలోచించాల్సిన కేసు ఇదే. అక్కడ పేగుకు సెరోసా ఉండదు, లీకు ప్రమాదం ఎక్కువ. కాబట్టి కటిలోకి, అతుకు దగ్గరికి ఏ పొరా వద్దు. కానీ కొన్ని నెలల్లో స్టోమా మూయడానికి మళ్లీ రావాలి, కాబట్టి పొట్ట మధ్య కోత కింద, స్టోమా చుట్టూ ఫిల్మ్ పెడితే ఆ రెండో ఆపరేషన్ సులువవుతుంది. ఒకే కడుపులో ఒకచోట వద్దు, ఇంకోచోట కావాలి.

క్రోన్స్ జబ్బు (పేగుల్లో తిరగబెట్టే వాపు) ఉన్న యువకులకు జీవితంలో ఇంకా ఆపరేషన్లు రావచ్చు, కాబట్టి అడ్హిషన్ తగ్గించుకోవడం విలువైనదే. అయితే వీళ్లలో చాలామంది స్టెరాయిడ్ల మీద, రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ తక్కువై ఉంటారు, అతుకు మానడం నెమ్మది. ఆపరేషన్ ముందు కొన్ని వారాలు దొరికితే ఆహారం, స్టెరాయిడ్ డోసు, సిగరెట్ సరిచేసుకోవడం ఏ పొర కంటే ఎక్కువ మేలు చేస్తుంది.

పేగు అడ్డుపడి అడ్హిషన్లు విడదీస్తున్నారు కానీ పేగు కోయలేదు అంటే, బ్యారియర్‌కు అన్నిటికంటే అనుకూలమైన సందర్భం ఇదే. కాపాడాల్సిన అతుకు లేదు, మళ్లీ అతుక్కునే అవకాశం మాత్రం ఎక్కువ. విడదీసేటప్పుడు పేగుకు కన్నం పడి కుట్టాల్సి వస్తే మళ్లీ అతుకు లెక్కే.

పేగు చిల్లుపడి ఎమర్జెన్సీలో వస్తే ఈ చర్చ పక్కన పెట్టండి. చీము ఉన్న కడుపులో బ్యారియర్ వాడరు.

పిల్లలు కావాలనుకునే స్త్రీలు పేగు ఆపరేషన్‌కు వెళ్తుంటే ఆ మాట సర్జన్‌కు ముందే చెప్పండి. ఫలోపియన్ ట్యూబుల దగ్గర అడ్హిషన్లు గర్భానికి అడ్డు, అక్కడ కాపాడుకోవడానికి కారణం పేగుతో సంబంధం లేకుండానే ఉంటుంది.

సర్జన్‌ను అడగాల్సినవి

"బ్యారియర్ వాడతారా?" అంటే అవుననో కాదనో ఒక్క మాటలో జవాబు వస్తుంది. "అతుకు ఎక్కడ వస్తుంది? పొర పెడితే దానికి ఎంత దూరంలో పెడతారు? చీము కనిపిస్తే ప్లాన్ మారుతుందా?" అని అడిగితే అసలు సంభాషణ మొదలవుతుంది. మూడో రోజు తర్వాత జ్వరం, తగ్గని గుండె వేగం, పెరిగే కడుపు నొప్పి, తగ్గాల్సిన సీఆర్‌పీ (వాపును చూపే రక్త పరీక్ష) పెరగడం కనిపిస్తే పొర పెట్టినా పెట్టకపోయినా లీకునే ముందు అనుమానించాలి. కొన్ని నెలలకో ఏళ్లకో వాంతులు, మెలిపెట్టే నొప్పి, గ్యాస్ పోకపోవడం వస్తే అప్పుడు అడ్హిషన్ గుర్తుకు రావాలి.

డిశ్చార్జ్ సమ్మరీలో ఏ ఉత్పత్తి, ఎక్కడ పెట్టారు అన్నది రాయించుకోండి. సెల్యులోజ్ పదార్థాలు, ముఖ్యంగా రక్తం ఆపడానికి మడిచి వదిలినవి, కొన్ని వారాల తర్వాత స్కాన్‌లో గాలి బుడగలున్న చీముగడ్డలా కనిపిస్తాయి. ఆ కాగితం చేతిలో లేకపోతే రేడియాలజిస్టు చూసిందాన్నే, అంటే చీముగడ్డ అనే, రాస్తాడు.